పిల్లల మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్: లండన్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆగస్టులో సీజన్ మొదలైందంటే చాలు, ఇక్కడి మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "అన్నా, మావాడికి ఐదు నిండాయి, బంతి కనిపిస్తే వదలడు. మొదటి మ్యాచ్‌కి ఎక్కడికి తీసుకెళ్లమంటావు?" అడిగేవాళ్లలో చాలామందికి జవాబు మనసులో ముందే ఉంటుంది. ఆర్సెనల్, చెల్సీ, టాటెన్‌హామ్. ఇండియాలో ఉన్నప్పుడు అర్ధరాత్రి దాకా మేలుకుని టీవీలో చూసిన టీమ్, ఇప్పుడు రైల్లో గంట దూరంలో ఉంది. ఆ ఆశ నాకూ ఉండేది, అందులో తప్పేమీ లేదు. అయినా ఏడేళ్లలోపు పిల్లలకు మొదటి మ్యాచ్‌గా పెద్ద క్లబ్ మగవాళ్ల మ్యాచ్ వద్దనే చెబుతాను. దగ్గర్లో ఉన్న చిన్న క్లబ్ గ్రౌండ్‌కో, ఆడవాళ్ల లీగ్ మ్యాచ్‌కో ముందు వెళ్లండి. నాకు ఇద్దరు పిల్లలు. ఇద్దరి మొదటి మ్యాచ్‌లూ రెండు వేరువేరు దారుల్లో జరిగాయి కాబట్టి ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను.

మా పెద్దాడికి నాలుగున్నరేళ్లప్పుడు ఒక పెద్ద క్లబ్ మ్యాచ్‌కి తీసుకెళ్లాను. బుధవారం రాత్రి, 7:45కి ఆట మొదలు. సాయంత్రం వాడు కొత్త జెర్సీ వేసుకుని ఇంట్లో గంతులే గంతులు. తీరా సీట్లో కూర్చున్నాక వాడికి కనిపించింది ముందు వరసలో వాళ్ల కోట్ల వెనక భాగం. ఇరవయ్యో నిమిషంలో గోల్ పడింది. చుట్టూ వేలమంది ఒక్కసారిగా లేచి అరిచారు. మనకు అది సంబరం. వాడికి మాత్రం ఉన్నట్టుండి చీకటి కమ్మి, నలువైపులా గోడలు లేచి అరిచినట్టయింది. రెండు చెవులూ మూసుకుని మొహం నా పొట్టలో దాచేసుకున్నాడు. కాసేపటికి తలెత్తి, "నాన్నా, అందరికీ కోపం ఎందుకొచ్చింది?" అని అడిగాడు. ఇంటర్వెల్‌లోనే బయటికొచ్చేశాం. ఆ తర్వాత ఏడాదిన్నర వాడు మ్యాచ్ మాటెత్తనివ్వలేదు.

అప్పట్నుంచి టీమ్ పేరు చూడ్డం మానేసి, ముందు మూడు లెక్కలు చూసుకుంటున్నాను. పిల్లాడి చెవులు ఎంత ఓర్చుకుంటాయి? వాడి ఎత్తుకి ఏమి కనిపిస్తుంది? ఎంతసేపు కుదురుగా ఉండగలడు?

మూడోది తేలిగ్గా తీసుకోకండి. ఆట 45 నిమిషాల చొప్పున రెండు సగాలు, మధ్యలో 15 నిమిషాల ఇంటర్వెల్, పైన అదనపు సమయం. అంటే రెండు గంటలు తేలిగ్గా పడుతుంది. తనిఖీలు దాటి సీటు చేరడానికి అరగంట ముందుండాలి. అరవై వేలమంది ఒకేసారి బయటికొస్తే ట్యూబ్ స్టేషన్ గేటు దగ్గర క్యూ కదలడానికే చాలాసేపు పడుతుంది. ఇంటి తలుపు వేసి మళ్లీ తీసేసరికి ఐదు గంటలు గడిచిపోతాయి. ఐదేళ్ల పిల్లకి అది దాదాపు బడిలో గడిపే రోజంత.

ఇక ఒక్కో దారి చూద్దాం.

ప్రీమియర్ లీగ్

ఆర్సెనల్, చెల్సీ లాంటి క్లబ్బులు ఆడే ఇంగ్లండ్ పై లీగ్ ఇది. ఆట నాణ్యతలో దీనికి సాటి లేదు. పచ్చిక మీద ఫ్లడ్‌లైట్లు పడి మెరిసే ఆ పచ్చదనం టీవీలో రాదు. మెట్లెక్కి పైకి రాగానే మైదానం మొత్తం ఒక్కసారిగా కళ్లముందు పరుచుకునే ఆ క్షణం కోసమే వెళ్లేవాళ్లున్నారు.

చిక్కు మొదట టికెట్‌తో. పెద్ద క్లబ్బులకు సభ్యత్వం ఉంటేగాని టికెట్ దొరకదు. సభ్యత్వం ఉన్నా పెద్ద మ్యాచ్‌లకు గ్యారంటీ లేదు. పెద్దవాళ్ల టికెట్ చాలాసార్లు 40, 50 పౌండ్లు ఉంటుంది, ఇంకా పైకీ వెళ్తుంది. సభ్యత్వాలూ, తిండీ, రైలూ కలుపుకుంటే నలుగురి కుటుంబానికి 200 పౌండ్లు దాటడం పెద్ద విషయం కాదు. అంత ఖర్చుపెట్టాక పిల్లాడు ఇంటర్వెల్‌లో "ఇంటికెళ్దాం" అంటే మనకు లేవబుద్ధి కాదు. వాడిని బలవంతాన కూర్చోబెడతాం. అసలు నష్టం అక్కడే.

రెండోది, జనం నిలబడటం. 1989లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో జరిగిన తొక్కిసలాటలో 97 మంది ప్రాణాలు పోయాయి. తర్వాత విచారణ జరిపిన జడ్జి టేలర్ ఇచ్చిన నివేదిక కారణంగా పై రెండు డివిజన్ల స్టేడియాలన్నీ సీట్లతో నింపారు. సీట్లున్నాయి కదా అని అందరూ కూర్చుంటారనుకోకండి. గోల్ వెనక స్టాండ్లలో ఆటంతా నిలబడే చూస్తారు. 2022 నుంచి కొన్ని స్టేడియాల్లో రెయిలింగులు పెట్టి నిలబడి చూసే భాగాలు అధికారికంగానే నడుస్తున్నాయి. పిల్లలతో ఆ వైపు టికెట్ తీసుకోవద్దు. బయటి ఊరి అభిమానుల భాగం సంగతీ అంతే. అక్కడ పెద్దవాళ్ల టికెట్ 30 పౌండ్లకు మించకూడదని పరిమితి ఉంది, చవకే. కానీ అందరూ నిలబడతారు, పాటల్లో బూతులకు లోటుండదు.

అయినా ప్రీమియర్ లీగే కావాలంటే ఫ్యామిలీ స్టాండ్‌లో, నడిచే దారి పక్క సీటు చూసుకోండి. క్లబ్బుల్లో కూడా ఎంపిక ఉంది. ఫుల్హమ్ మధ్యలో రెండు సీజన్లు తప్ప 1896 నుంచి థేమ్స్ ఒడ్డున క్రేవెన్ కాటేజ్‌లోనే ఆడుతోంది. పట్నీ బ్రిడ్జ్ స్టేషన్‌లో దిగి బిషప్స్ పార్క్‌లోంచి నదిని చూసుకుంటూ నడిచి వెళ్లొచ్చు. దారిలో పిల్లలు ఆడుకునే చోటుంది. ముందు అరగంట అక్కడ పరుగెత్తి అలిసిన పిల్ల, తర్వాత సీట్లో కుదురుగా ఉంటుంది. బ్రెంట్‌ఫర్డ్ స్టేడియం 17,250 మంది పట్టేది, కొత్తది, కూ బ్రిడ్జ్ స్టేషన్‌కి ఆనుకునే ఉంటుంది. సీట్లు రకరకాల రంగుల్లో కలగలిపి వేశారు. ఎరుపు సీట్లు ఎన్నో లెక్కపెట్టమంటే చిన్నపిల్లలకు పావుగంట కాలక్షేపం.

ఆడవాళ్ల లీగ్

మగపిల్లలున్న ఇళ్లలో దీన్ని రెండో రకంగా చూస్తున్నారు, అది నాకు బాధగా ఉంటుంది. చిన్నపిల్లల మొదటి పెద్ద స్టేడియం అనుభవానికి ఇంతకంటే మంచి దారి లేదు, అబ్బాయైనా, అమ్మాయైనా.

ఆర్సెనల్ ఆడవాళ్ల టీమ్ తన లీగ్ మ్యాచ్‌లను మగవాళ్ల టీమ్ ఆడే, 60 వేల మంది పట్టే ఎమిరేట్స్ స్టేడియంలోనే ఆడుతోంది. అదే గడ్డి, అవే మెట్లు, అదే పెద్ద తెర. టికెట్ మాత్రం మగవాళ్ల మ్యాచ్‌తో పోలిస్తే చాలా తక్కువ. చాలా మ్యాచ్‌లు ఆదివారం పగలే ఉంటాయి కాబట్టి మర్నాడు బడికి ఇబ్బంది లేదు. చుట్టూ కూర్చునేవాళ్లలో పిల్లలతో వచ్చిన కుటుంబాలు ఎక్కువ. అరుపులు ఉంటాయి, కానీ ఆ గొంతుల్లో సగం పిల్లలవే. మా పెద్దాడు ఏడాదిన్నర తర్వాత మళ్లీ స్టేడియం గడప తొక్కింది ఇలాంటి మ్యాచ్‌కే. ఈసారి గోల్ పడ్డప్పుడు పక్క సీట్లో ఒక ఆరేళ్ల పాప కుర్చీ మీదికెక్కి కేకలేసింది. వాడు చెవులు మూసుకోబోయి, ఆ పాపని చూసి ఆగి, తనూ కుర్చీ ఎక్కాడు.

ఈ ఆట ఇక్కడిదాకా రావడానికి పట్టిన కాలం మన ఆడపిల్లలకు తెలియాలి. 1921 డిసెంబరు 5న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్ల మ్యాచ్‌లను నిషేధించింది. ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్లు సాగింది. 2022 జులై 31న వెంబ్లీలో ఇంగ్లండ్ ఆడవాళ్లు జర్మనీని 2-1తో ఓడించి యూరప్ దేశాల టోర్నీ యూరో గెలిచినప్పుడు స్టేడియంలో 87,192 మంది ఉన్నారు. 2025లో మళ్లీ గెలిచారు, ఈసారి పెనాల్టీల్లో స్పెయిన్ మీద. అదే ఏడాది మే నెలలో ఆర్సెనల్ లిస్బన్‌లో బార్సిలోనాను 1-0తో ఓడించి యూరప్ చాంపియన్ అయింది. మీ పాపకి చూపించేది ఆ టీమ్‌ని.

లోపం ఒక్కటి. ఎమిరేట్స్ లాంటి చోట నడక, మెట్లు, క్యూలు పెద్ద స్టేడియానివే. నాలుగేళ్లలోపు పిల్లలకు ఆ దూరమే ఎక్కువ.

లీగ్ వన్, లీగ్ టూ

లండన్‌లో ఉన్నవాళ్లు మర్చిపోయేది ఈ మధ్య మెట్టు. ఇవి ఇంగ్లండ్‌లో మూడో, నాలుగో స్థాయి లీగ్‌లు. రెండో స్థాయితో కలిపి వీటిని ఫుట్‌బాల్ లీగ్ అంటారు. ఈస్ట్‌హామ్ వైపు మనవాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లకు లేటన్ ఓరియంట్ క్లబ్ గ్రౌండ్ పెద్ద దూరం కాదు. ఆ గ్రౌండ్ నాలుగు మూలల్లో అపార్ట్‌మెంట్లు కట్టేశారు. బాల్కనీల్లోంచి జనం మ్యాచ్ చూస్తుంటారు. "వాళ్లకి టికెట్ అక్కర్లేదా?" అని అడగని పిల్లలు ఉండరు.

దక్షిణాన ఏఎఫ్‌సీ వింబుల్డన్. 2002లో పాత వింబుల్డన్ క్లబ్‌ని వేరే ఊరైన మిల్టన్ కీన్స్‌కి తరలించడానికి అనుమతి ఇస్తే, అభిమానులు ఊరుకోక సొంతంగా క్లబ్ పెట్టుకున్నారు. బాగా కింది స్థాయి నుంచి ఎక్కి తొమ్మిదేళ్లలో, 2011కి, ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చారు. 2020లో ప్లౌ లేన్‌లో సొంత స్టేడియానికి చేరారు. తొమ్మిది వేల చిల్లర సీట్లు. కాస్త ఊహ తెలిసిన ఎనిమిదేళ్ల పిల్లలకు ఈ కథ చెప్పి తీసుకెళ్తే, ఆట చూసే తీరే మారిపోతుంది.

ఇక్కడ పెద్దవాళ్ల టికెట్ ఇంచుమించు 20, 30 పౌండ్ల మధ్య, పిల్లలకు బాగా తక్కువ. సభ్యత్వం గొడవ లేకుండా ఆ వారమే కొనుక్కోవచ్చు. శనివారం మధ్యాహ్నం 3 గంటల ఆట పిల్లల నిద్ర వేళలకు సరిపోతుంది. ఆ సమయపు మ్యాచ్‌లను ఇంగ్లండ్‌లో టీవీలో ప్రత్యక్షంగా చూపించరు, గ్రౌండ్‌కి వెళ్తేనే చూడగలం.

వీధి చివరి గ్రౌండ్

ఇప్పుడు నా మనసుకి దగ్గరైన దానికి వద్దాం. ఫుట్‌బాల్ లీగ్ కింద వందల క్లబ్బులున్నాయి. ఇక్కడివాళ్లు నాన్-లీగ్ అంటారు. మా పాప మొదటి మ్యాచ్ అలాంటి క్లబ్బే అయిన డల్విచ్ హామ్లెట్‌ది, దక్షిణ లండన్‌లో వాళ్ల గ్రౌండ్ ఛాంపియన్ హిల్‌లో. తనకి అప్పుడు ఐదేళ్లు. టీమ్ రంగులు గులాబీ, నీలం. గులాబీ జెర్సీలు వేసుకున్న పెద్ద పెద్ద మగాళ్లని చూసి అక్కడే సగం మనసు పారేసుకుంది.

గేటు దగ్గర టికెట్ తీసుకుని లోపలికెళ్తే చాలు, ఎక్కడైనా నిలబడొచ్చు. గోల్ వెనక రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాం. తన గడ్డం సరిగ్గా రెయిలింగ్ ఎత్తుకి వచ్చింది. గోల్‌కీపర్ పది అడుగుల దూరంలో ఉన్నాడు. అతను గ్లోవ్స్ పట్టీలు పళ్లతో లాగి బిగించుకోవడం, కాలితో స్తంభాన్ని తన్ని బురద దులుపుకోవడం, డిఫెండర్ల మీద కేకలేయడం, ఇవన్నీ నోరు తెరుచుకుని చూసింది. బంతి తగిలితే "ధడ్" మని వినిపిస్తుంది. ఒక షాట్ మా పక్కనుంచి బయటికొచ్చి ఆగింది. పాప పరుగెత్తుకెళ్లి రెండు చేతులతో ఎత్తి, పొట్టకి ఆనించుకుని తెచ్చింది. బంతి తడిగా, తను అనుకున్నదానికన్నా బరువుగా ఉందట. గోల్‌కీపర్ వంగి అందుకుని బొటనవేలు చూపించాడు. స్కోరు ఎంతో ఇప్పుడు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఆ బంతి బరువు మాత్రం తనకి గుర్తుంది.

ఇంటర్వెల్ తర్వాత టీమ్‌లు వైపులు మారతాయి కదా, అభిమానులు కూడా రెండో గోల్ వెనక్కి నడిచి వెళ్తారు. పిల్లలకు ఆ నడకే ఒక ఊరేగింపు. కుక్కల్ని తెచ్చుకునేవాళ్లుంటారు. పక్కనే పెద్ద సూపర్‌మార్కెట్ ఉంది, గ్రౌండ్‌లో బాత్రూం క్యూ పెద్దదైతే అక్కడికి పరుగెత్తొచ్చు. పిల్లలున్నవాళ్లకు దాని విలువ తెలుసు.

ఆ ఏడాది మా నాన్నగారు హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు ఆయన్నీ తీసుకెళ్లాను. ఆయన చిన్నప్పుడు ఫతే మైదానంలో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ ఆట చూసినవారు. ఆ టీమ్‌కీ, ఇండియా టీమ్‌కీ కోచ్‌గా పనిచేసిన రహీం సాబ్ గురించీ, సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టి 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడిన తులసీదాస్ బలరాం గురించీ మాకు అన్నం ముద్దలతో పాటు చెప్పిన మనిషి. ఇక్కడి పెద్ద మ్యాచ్‌లు ఆయన టీవీలో చూస్తారు గాని ఎప్పుడూ ఏమీ అనరు. ఆ రోజు మాత్రం రెయిలింగ్ దగ్గర నిలబడి, "ఒరేయ్, ఇక్కడ బంతి చప్పుడు వినిపిస్తోందిరా" అన్నారు. మనవరాలిని పక్కన పెట్టుకుని ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలుగులో వివరించారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వస్తే రెండో సగానికి కుర్చీలున్న స్టాండ్‌లోకి వెళ్లిపోవచ్చు.

ఇబ్బందులూ చెప్పాలి. పై స్థాయి మ్యాచ్‌లలో మైదానం కనిపించేచోట మద్యం తాగకూడదని 1985 నుంచి చట్టం ఉంది. కింది స్థాయి క్లబ్బులకు అది వర్తించదు, జనం బీరు గ్లాసులతోనే నిలబడతారు. జనం తక్కువ కాబట్టి ఎవరైనా బూతు మాట అంటే స్పష్టంగా వినిపిస్తుంది. నేనైతే పిల్లలున్న గుంపు పక్కకి జరిగిపోతాను. కప్పు లేని చోట వాన వస్తే తడవాల్సిందే. గోల్ వెనక నిలబడితే బంతి వేగంగా రావచ్చు, బిడ్డని మీ ముందే, చేయి అందేంత దూరంలోనే ఉంచుకోండి. పెద్దవాళ్ల టికెట్ చాలా చోట్ల 10, 15 పౌండ్లు, పిల్లలకు నామమాత్రం లేదా ఉచితం.

స్లౌ వైపు ఉన్నవాళ్లకు స్లౌ టౌన్, హారో వైపు హారో బరో. మీ పిన్‌కోడ్‌కి దగ్గరది చూసుకోండి. దేశాల మ్యాచ్‌ల కోసం పెద్ద లీగ్‌లు ఆగే ఒక శనివారం ఏటా నాన్-లీగ్ డే జరుపుతారు. 2010లో మొదలైంది. మొదటిసారికి అది మంచి రోజు.

మూడేళ్ల పిల్లలున్నవాళ్లు ఇవేవీ పెట్టుకోకండి. ఆదివారం పొద్దున్న హ్యాక్నీ మార్షెస్‌కి వెళ్లండి. వరసగా మైదానాలు, ఒకేసారి ఎన్నో ఆటలు, టికెట్ లేదు. విసుగొస్తే పక్క ఆట, ఇంకా విసుగొస్తే ఇల్లు.

మరి మీ ఇంటికి ఏది?

నాలుగు నుంచి ఆరేళ్లయితే నాన్-లీగ్. శబ్దానికి బెదిరే పిల్లలకైతే వయసు ఎంతైనా అక్కడే మొదలుపెట్టండి. ఆటిజం ఉన్న పిల్లల కోసం కొన్ని పెద్ద క్లబ్బులు శబ్దం తగ్గించిన ప్రత్యేక గదులు నడుపుతున్నాయి, ఆర్సెనల్‌కీ ఉంది. ముందే క్లబ్‌కి రాసి అడగండి. ఆరేడేళ్లకి ఆడవాళ్ల మ్యాచ్ పెద్ద స్టేడియంలో. ఎనిమిది దాటి, రెండు మూడు మ్యాచ్‌లు చూసి, పిల్లలే పేరు పెట్టి అడిగినప్పుడు ప్రీమియర్ లీగ్. పెద్ద క్లబ్‌ని త్వరగా చూపించాలని మనసు లాగుతుంటే జులైలో సీజన్‌కి ముందు ఆడే ఫ్రెండ్లీ మ్యాచ్‌లు చూడండి. చిన్న క్లబ్బుల గ్రౌండ్లకు పెద్ద టీమ్‌లు వస్తాయి, టికెట్ తక్కువ, వెలుతురు రాత్రి తొమ్మిది దాకా ఉంటుంది, చలి ఉండదు.

చలి మాట వచ్చింది కాబట్టి, నవంబరు నుంచి మార్చి దాకా కూర్చున్నచోట కాళ్లు గడ్డకడతాయి. రెండు జతల సాక్సులు, లోపల థర్మల్, ప్లాస్టిక్ సీటు మీద వేసుకోవడానికి చిన్న దిండు. చెవులకి శబ్దం తగ్గించే పిల్లల సైజు ఇయర్ డిఫెండర్లు కొని, వారం ముందునుంచి ఇంట్లో మిక్సీ తిప్పేటప్పుడు పెట్టి అలవాటు చేయండి. అక్కడికెళ్లి మొదటిసారి పెడితే లాగి పారేస్తారు. పెద్ద స్టేడియాల్లో ఏ4 కాగితం కంటే పెద్ద బ్యాగు చాలా చోట్ల రానివ్వరు. తిండి సంగతి క్లబ్ నియమాల్లో ముందే చూసుకోండి. చిన్న గ్రౌండ్లలో మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బాని ఇంతవరకు ఎవరూ కాదనలేదు. చేతికి మీ ఫోన్ నంబరు రాసిన పట్టీ కట్టండి. లోపలికి వెళ్లగానే ముందు బాత్రూం ఎక్కడుందో చూపించి, ఇంటర్వెల్‌కి ఐదు నిమిషాల ముందే తీసుకెళ్లండి. ఇంటర్వెల్ మొదలయ్యాక వెళ్తే రెండో సగం మొదలైపోతుంది.

మధ్యలో ఇంటికెళ్దామంటే వెంటనే లేవండి. మా పాప రెండో మ్యాచ్‌లో 70వ నిమిషంలో లేచి వచ్చేశాం. గేటు దాటాక లోపల్నుంచి గోల్ కేక వినిపించింది. "మనవాళ్లదేనా?" అంటూ నా చేయి పట్టి వెనక్కి లాగింది. మళ్లీ లోపలికెళ్లి, ఆట అయ్యేదాకా రెయిలింగ్ దగ్గరే నిలబడ్డాం.